చీకటి గదిలో సినిమా: నలుపు బూడిదలా ఉంది, తగ్గిస్తే ముఖాలు మాయం. ఏం చెయ్యాలి?

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. పోయిన నెల మేడమీద గదిలో 55 అంగుళాల టీవీ పెట్టించాను. ఓఎల్ఈడీ కాదు, మామూలు ఎల్‌సీడీయే, అందులో వీఏ అనే రకం ప్యానెల్. రాత్రి తొమ్మిదిన్నరకు భోజనాలయ్యాక నాన్నగారూ నేనూ పైకెళ్ళి, లైట్లన్నీ ఆర్పేసి సినిమా చూస్తాం. ఆయన దృష్టిలో సినిమా అంటే చీకట్లో చూసేదే.

సమస్య ఏంటంటే, లాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ వైరుతో పెడితే రాత్రి సీన్లలో మనుషులే కనబడరు. లాంతరు పట్టుకుని ఒకాయన నడిచొస్తుంటే లాంతరు ఒక్కటే కనిపిస్తోంది, పట్టుకున్న చెయ్యి లేదు. అందుకని బ్రైట్‌నెస్ 50 నుంచి 68కి పెంచాను. చెయ్యి కొంచెం కనబడింది. అదే సెట్టింగుతో టీవీలో ఉన్న ఓటీటీ యాప్ పెడితే మాత్రం నలుపంతా బూడిద. పైనా కిందా ఉండే నల్లపట్టీలు పొగచూరిన లాంతరు చిమ్నీలా ఉన్నాయి. తగ్గిస్తే ఒకచోట బాధ, పెంచితే ఇంకోచోట బాధ.

ఇంకోటి. మోడ్ వివిడ్‌లో ఉంది, షాపు కుర్రాడు బిగించినప్పుడు పెట్టి వెళ్ళాడు. నాన్నగారు నిన్న రాత్రి "పంచె ఏంట్రా, నీలిమందు ఎక్కువైనట్టుంది" అన్నారు. చూస్తే నిజమే.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

ఓరుగల్లుచూపరి (హనుమకొండ)

అన్నా, నేను గూడ ఆర్నెల్లు గిట్లనే పరేషాన్ అయిన. ముందుగాల ఆ వివిడ్ తీసెయ్. షాపుల వంద ట్యూబులైట్ల నడుమ పక్క టీవీ కంటె ఎక్కువ మెరవాలె గదా, దానికోసం చేసిన మోడ్ అది. చీకటి అర్రల దానితోని పనిలేదు. సినిమా అనో, మూవీ అనో, ఫిల్మ్‌మేకర్ అనో ఉంటది. అది పెట్టి, బ్రైట్‌నెస్ మల్ల 50కే తెచ్చి, రెండు దినాలు ఏం ముట్టకుండ చూడు.

రంగులగది (హైదరాబాద్)

నేను డీఐ స్టూడియోలో అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా చీకటి గదిలో రంగులు దిద్దడమే మా పని. అందుకే ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయాను.

గోదారిగట్టు గారూ, ముందు ఒక మాట. టీవీల్లో బ్రైట్‌నెస్ అని రాసి ఉన్నది పాతకాలం నుంచీ వెలుతురు మీట కాదు, అది నలుపు మీట. ఏ మెట్టు దగ్గర నలుపు మొదలవ్వాలో అది చెబుతుంది. తెలుపు ఎక్కడ ఆగాలో చెప్పేది కాంట్రాస్ట్. మొత్తం తెర ఎంత వెలగాలో చెప్పేది బ్యాక్‌లైట్. మీరు నలుపునే పైకి ఎత్తేశారు కాబట్టి బూడిదైంది. జాగ్రత్త, ఇప్పటి సోనీ టీవీల్లో బ్రైట్‌నెస్ అంటే బ్యాక్‌లైటే, నలుపు మీటకు బ్లాక్ లెవెల్ అని పేరు. కొత్త శాంసంగ్‌లలో కూడా బ్రైట్‌నెస్ అంటే బ్యాక్‌లైటే. పేరు చూసి కాదు, తిప్పినప్పుడు ఏం మారుతోందో చూసి పోల్చుకోండి.

మేము థియేటర్ కోసం దిద్దేటప్పుడు తెర మీద పూర్తి తెలుపు 48 నిట్లు ఉంటుంది (నిట్ అంటే తెర వెలుగుకు కొలత). ఇళ్ళల్లో చూసే మామూలు వెర్షన్, అంటే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఇంకా ఎక్కువగా చూపే రకం) కానిది, 100 నిట్ల మానిటర్ మీద దిద్దుతాం. మీ వివిడ్ మోడ్ దానికి మూడు నాలుగు రెట్లు వెలుగుతూ ఉండొచ్చు. చీకట్లో అంత వెలుగు కంట్లో పడితే కనుపాప ముడుచుకుపోతుంది, ఇక నీడల్లో ఉన్నది కంటికి ఆనదు. అందుకే చీకటి గదిలో మొదట తగ్గించాల్సింది బ్యాక్‌లైట్.

మీ లాప్‌టాప్ సంగతి మాత్రం వేరే ఏదో అనిపిస్తోంది. ఒకటి చూసి చెప్పండి. లాప్‌టాప్‌లో పెట్టినప్పుడు చీకట్లో చెయ్యి మాయమైనట్టే, ఎండలో తెల్లబట్టల మడతలు కూడా మాయమవుతున్నాయా?

గోదారిగట్టు

రంగులగది గారూ, ఇప్పుడే పైకెళ్ళి చూసొచ్చాను. మీరు అన్నట్టే ఉంది! పగటి సీన్లో పెద్దాయన పంచె మీద ఒక్క మడత లేదు, సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. అదే సినిమా ఓటీటీ యాప్‌లో పెడితే మడతలు, అంచు మీద జరీ గీత కూడా కనబడుతున్నాయి.

మూవీ మోడ్ పెట్టాను. బొమ్మంతా పసుపు కొట్టినట్టు ఉంది. నాన్నగారికీ నచ్చలేదు. ఇది సరైన రంగేనా?

ఆర్క్‌ల్యాంప్ (తెనాలి)

బాబూ, నేను ముప్పై రెండేళ్ళు థియేటర్‌లో ఆపరేటర్‌గా చేశాను. కార్బన్ కడ్డీల కాలం, జినాన్ దీపాల కాలం, డిజిటల్ అన్నీ చూశాను. రంగు మాట నేను చెబుతాను.

కార్బన్ కడ్డీలు రెండూ ఎదురెదురుగా మండేవి. అరుగుతున్న కొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి. మధ్య సందు పెరిగితే తెర మీద వెలుగు రంగు తిరిగిపోయేది, అంచులు మసకబారేవి. నేలటిక్కెట్టువాళ్ళు ఈలలు వేసేలోపే సర్దాలి. కాబట్టి తెలుపు అంటే ఒక్కటే కాదని, తెలుపులో నీలం వైపుదీ ఉంటుంది, పసుపు వైపుదీ ఉంటుందని మాకు చేతులకు తెలుసు.

టీవీ తెలుపుకు పెట్టుకున్న ప్రమాణం 6500 కెల్విన్. ఈ అంకె తగ్గితే తెలుపు పసుపు వైపుకు, పెరిగితే నీలం వైపుకు పోతుంది. మీ ఇంట్లో ట్యూబులైటు అట్టపెట్టె ఉంటే తీసి చూడండి. కూల్ డేలైట్ అని, పక్కన 6500కె అని రాసి ఉంటుంది. అంటే మూవీ మోడ్ చూపిస్తున్నది ఇంచుమించు మీ ట్యూబులైటు తెలుపే. అది పసుపు కాదు. ఇన్నాళ్ళూ వివిడ్‌లో అంతకంటే బాగా నీలంగా ఉన్నది చూసి కన్ను దానికి అలవాటు పడింది. నాలుగు రాత్రులు ఓపిక పట్టండి. అయిదో రాత్రి వివిడ్ పెట్టి చూస్తే, నాన్నగారు చెప్పిన నీలిమందు మీకు మొదటి క్షణంలోనే కనబడుతుంది.

మనవాళ్ళ చామనచాయ ఒళ్ళు, నుదుటి కుంకుమ, పసుపు పూసిన గడప, ఈ మూడూ సరిగ్గా వచ్చాయంటే రంగు కుదిరినట్టే. వివిడ్‌లో చామనచాయ ఇటుకరంగులోకి పోతుంది.

రంగులగది

ఆర్క్‌ల్యాంప్ గారికి నమస్కారం. మీ మాట అక్షరాలా నిజం. వార్మ్ అనే సెట్టింగులో రెండు మూడు మెట్లుంటే చాలా టీవీల్లో అన్నిటికంటే వెచ్చనిదే 6500కి దగ్గరగా వస్తుంది.

ఇక లాప్‌టాప్ సంగతి. చెయ్యీ పోయి, పంచె మడతలూ పోయాయంటే దొంగ దొరికినట్టే. సినిమా సిగ్నల్‌లో 0 నుంచి 255 దాకా మెట్లుంటే, నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర పెడతారు. దీన్ని లిమిటెడ్ రేంజ్ అంటాం. కంప్యూటర్లు మాత్రం 0ని నలుపుగా, 255ని తెలుపుగా పంపుతాయి, అది ఫుల్. మీ లాప్‌టాప్ ఫుల్‌లో పంపుతోంది, టీవీ లిమిటెడ్ అనుకుంటోంది. దాంతో 16 కింద ఉన్న నీడలన్నీ ఒకే నలుపై, 235 పైన ఉన్న తెలుపులన్నీ ఒకే తెలుపై కలిసిపోయాయి. దీన్ని బ్రైట్‌నెస్‌తో సర్దబోతే ఓటీటీ యాప్ పాడవుతుంది. మీకు జరిగింది అదే.

లాప్‌టాప్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో డైనమిక్ రేంజ్ అనో, క్వాంటైజేషన్ రేంజ్ అనో ఉంటుంది. దాన్ని లిమిటెడ్‌కు మార్చండి. టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అనే చోట కూడా అదే ఉండాలి. ఒక కంపెనీ దాన్ని లో, నార్మల్ అంటుంది, ఇంకొకటి లిమిటెడ్, ఫుల్ అంటుంది. రెండు వైపులా ఒకే మాట మీద ఉండాలి, అంతే.

ఆ తర్వాత ఏవీఎస్ హెచ్‌డీ 709 అనే ఉచిత టెస్ట్ నమూనాలు దొరుకుతాయి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని టీవీలోనే నేరుగా ఆడించండి. అందులో బ్లాక్ క్లిప్పింగ్ అనే నమూనాలో నిలువు పట్టీలు మినుకుమినుకుమంటుంటాయి. కింద అంకెలుంటాయి. గది పూర్తిగా చీకటి చేసి, కనీసం పదిహేను నిమిషాలు కూర్చుని, కన్ను చీకటికి అలవాటు పడ్డాక చూడండి. 16, అంతకంటే తక్కువ అంకెల పట్టీలు కనబడకూడదు. 17 కనీకనబడకుండా ఉండాలి. 18, 19 తెలియాలి. అక్కడ వదిలేయండి. ఫోన్ చూస్తూ మధ్యలో తల ఎత్తి సర్దితే తప్పుగా కుదురుతుంది.

గోదారిగట్టు

ఇప్పుడు రాత్రి పన్నెండూ పది. మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు.

లాప్‌టాప్‌లో లిమిటెడ్ చేశాను. బ్రైట్‌నెస్ 50కి తెచ్చాను. ఫోన్ కింద వదిలేసి ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చున్నాను. మొదట నమూనాలో 21వ పట్టీ నుంచే కనిపించింది. కూర్చోగా కూర్చోగా 20 వచ్చింది, 19 వచ్చింది. నేను ఏ మీటా ముట్టుకోలేదు, నా కళ్ళే తెరుచుకున్నాయి. తర్వాత బ్రైట్‌నెస్ రెండు మెట్లు పెంచి 52 చేస్తే 17 పీలగా ఊపిరాడినట్టు మెదిలింది. 16 కదల్లేదు.

అప్పుడు ఆ లాంతరు సీను పెట్టాను. చెయ్యే కాదు, భుజం మీద తువ్వాలు, వెనకాల తాటాకు దడి, దడిలో సందులు అన్నీ ఉన్నాయి. ఈ సీను నేను ఇంతకుముందు మూడుసార్లు చూశాను. అక్కడ దడి ఉందనే నాకు తెలియదు.

ఇంకో అనుమానం. గామా అని ఉంది, 2.2 పెట్టాలా, 2.4 పెట్టాలా? బీటీ.1886 అని కూడా ఒకటుంది.

ఎడిసన్‌తెలుగు (న్యూజెర్సీ)

గామా అంటే నలుపుకూ తెలుపుకూ మధ్య మెట్లు ఎంత వెలగాలో చెప్పే అంకె. చీకటి గదికి 2.4 పెట్టండి. 2.2 వెలుతురున్న గదికి. 2.2లో నీడలు పైకి తేలతాయి, లైట్లు ఆర్పితే బొమ్మ చప్పగా ఉంటుంది. నేను బేస్‌మెంట్‌లో ఓఎల్ఈడీలో మూడేళ్ళుగా 2.4లోనే చూస్తున్నాను.

రంగులగది

ఎడిసన్‌తెలుగు గారూ, మీ ఓఎల్ఈడీకి అది సరే, ఆయన టీవీకి నేను ఒప్పుకోను. బీటీ.1886 అనేది 2011లో వచ్చిన ప్రమాణం. అది టీవీ నలుపు నిజంగా ఎంత నల్లగా ఉందో లెక్కలోకి తీసుకుంటుంది. మీ ఓఎల్ఈడీలో పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది కాబట్టి నలుపు సున్నా, అప్పుడు బీటీ.1886కీ 2.4కీ తేడా ఉండదు. ఎల్‌సీడీలో వెనక దీపం కొంత కారుతూనే ఉంటుంది. అక్కడ సాదా 2.4 పెడితే అడుగు నీడలు ఆ కారే వెలుగులో మునిగిపోతాయి. బీటీ.1886 వాటిని కొద్దిగా ఎత్తి చూపిస్తుంది. ఆయనకు అదే మంచిది.

ఎడిసన్‌తెలుగు

నిజమే, ఆయనది ఎల్‌సీడీ అన్నది గమనించకుండా చెప్పాను. నా మాట ఓఎల్ఈడీ ఉన్నవాళ్ళకే పనికొస్తుంది.

ఓరుగల్లుచూపరి

అన్నా, మోషన్ సంగతి ఎవ్వరు చెప్పలె. మెనూల చూడు. ఎల్‌జీల ట్రూమోషన్ అంటరు, సోనీల మోషన్‌ఫ్లో, ఒక్కో కంపెనీకి ఒక్కో పేరు. అది బంద్ చెయ్. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ నడుమ నడుమ తన సొంతంగ ఫ్రేములు పుట్టించి జొప్పిస్తది. అప్పుడు ఎంత ఖర్చు పెట్టి తీసిన సినిమా అయిన టీవీ సీరియల్ లెక్క కొడ్తది. 2018ల టామ్ క్రూజ్ ఒక డైరెక్టర్‌ను పక్కన నిలబెట్టుకొని, ఇది బంద్ చేసుకోండ్రి అని వీడియోనే పెట్టిండు. మరుసటేడు యూహెచ్‌డీ అలయెన్స్ అని టీవీ కంపెనీలు, సినిమా స్టూడియోల సంఘం ఫిల్మ్‌మేకర్ మోడ్ ప్రకటించింది, అది పెడ్తే గీ పనికిమాలినవన్ని ఒక్క దెబ్బకు బందైతయి.

షార్ప్‌నెస్ గూడ తగ్గియ్. ఎక్కువుంటే మనుషుల చుట్టు తెల్ల గీత వస్తది.

గోదారిగట్టు

షార్ప్‌నెస్ తగ్గించాను, ముఖాలు మెత్తబడ్డాయి. మోషన్ కూడా ఆపేశాను. కానీ కెమెరా పక్కకు తిరిగేటప్పుడు బొమ్మ గతుక్కుమంటోంది. థియేటర్‌లో ఇలా ఉండేది కాదే?

ఆర్క్‌ల్యాంప్

థియేటర్‌లో కూడా 24 ఫ్రేములే బాబూ. అయితే ప్రొజెక్టర్ లోపల తిరిగే షట్టర్‌కు రెండు రెక్కలుండేవి. ఒక్కో ఫ్రేమును రెండుసార్లు వెలిగించి చూపేది. అంటే సెకనుకు 48 మెరుపులు. ఒక్కో ఫ్రేము సరిసమానంగా రెండుసార్లు పడేది కాబట్టి నడక తడబడేది కాదు.

రంగులగది

టీవీలో తడబాటు ఎక్కడంటే, 60 హెర్ట్జ్‌లో, అంటే తెర సెకనుకు 60 సార్లు మారేటప్పుడు, 24 సమానంగా ఇమడదు. ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు పడుతుంది. 120 హెర్ట్జ్ ప్యానెల్ అయితే ఒక్కోటి అయిదుసార్లు, చక్కగా సరిపోతుంది. లాప్‌టాప్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్ 24 హెర్ట్జ్ ఉంటే సినిమా చూసేటప్పుడు అది పెట్టండి.

వంటింటికిటికీ (విశాఖపట్నం)

నేను ఇన్నాళ్ళూ చదవడమే కానీ రాయలేదు. మీరంతా టీవీ గురించి చెబుతున్నారు, గది గురించి ఎవరూ అనడం లేదు. మా ఇంట్లో ఎన్ని సెట్టింగులు మార్చినా కుదరలేదు. కారణం గోడలు. మూడువైపులా తెల్ల ఎమల్షన్. టీవీ వెలుగు ఎదురు గోడకు తగిలి మళ్ళీ తెర మీదే పడేది. తెర ఎదురుగా అద్దాల షోకేసు కూడా ఉంది, బొమ్మ అందులో ఆడేది. నేను చేసిందల్లా షోకేసుకు ఒక ముదురు రంగు నేత దుప్పటి కప్పడం, స్విచ్‌బోర్డు మీద ఎర్రదీపాలకు నల్లటేపు ముక్కలు అంటించడం, వీధిదీపం వెలుగు వచ్చే వెంటిలేటర్‌కు అట్ట పెట్టడం. మొత్తం ఖర్చు రెండొందలు కూడా కాలేదు. నలుపు ఎంత బాగుపడిందో చూపించడానికి మా అక్కను పిలిచి మరీ చూపించాను.

అయితే పూర్తి చీకట్లో మా పాపకు కళ్ళు నొప్పి అంటోంది. టీవీ వెనకాల ఎల్ఈడీ పట్టీ పెట్టొచ్చా?

ఎడిసన్‌తెలుగు

పెట్టండమ్మా. కన్నుకు హాయిగా ఉంటుంది, పైగా వెనక కాస్త వెలుగుంటే తెర నలుపు కంటికి ఇంకా నల్లగా అనిపిస్తుంది. నేను అదే వాడుతున్నాను.

ఆర్క్‌ల్యాంప్

నాకు మాత్రం తెర తప్ప మరో వెలుగు ఉండకూడదు. హాలులో ఎగ్జిట్ బోర్డు వెలుగే నాకు అడ్డమనిపించేది. పిల్లలకు ఇబ్బందైతే పెట్టండి, కాదనను.

రంగులగది

పెడితే రెండు జాగ్రత్తలమ్మా. పట్టీ టీవీ వెనక గోడ వైపుకే తిరిగి ఉండాలి, దీపం కంటికి కనబడకూడదు. రంగు 6500కె అయి ఉండాలి. బజారులో చవగ్గా దొరికే పసుపుపచ్చ వార్మ్ వైట్ పట్టీ పెడితే, కన్ను ఆ పసుపును తెలుపు అనుకుని, తెర మీది బొమ్మను నీలంగా చూస్తుంది. రంగులు మారే పట్టీలు అసలు వద్దు. వెలుగు తెర తెలుపులో పదోవంతు చాలు. మా గదిలోనూ మానిటర్ వెనకాల ఇలాంటి సన్నని వెలుగే ఉంటుంది, గోడలు బూడిద రంగు.

గోదారిగట్టు

వంటింటికిటికీ గారూ, మీ మాట చదివి మా గదిలోనూ వెంటిలేటర్ మూశాను, తేడా తెలిసింది.

నిన్న రాత్రి ఒకటి గమనించాను. చీకటి సీను ఒక నిమిషం నడిస్తే తెర దానంతటదే ఇంకా మసకబారుతోంది, పగటి సీను రాగానే గుప్పున వెలుగుతోంది. మెనూలో వెతికితే పవర్ సేవింగ్ ఆన్‌లో ఉంది, గది వెలుతురు పసిగట్టే సెన్సార్ కూడా ఆన్‌లో ఉంది. రెండూ ఆపేశాను. డైనమిక్ కాంట్రాస్ట్ అన్నదీ ఆపాను. ఇప్పుడు నిలకడగా ఉంది. బ్యాక్‌లైట్ 100లో ఉండేది, 35కి తెచ్చాను.

హెచ్‌డీఆర్ సినిమా పెడితే మాత్రం బ్యాక్‌లైట్ మళ్ళీ 100కి వెళ్ళిపోతోంది. దాన్ని కూడా 35 చెయ్యాలా?

రంగులగది

వద్దండీ. హెచ్‌డీఆర్‌కు సెట్టింగులు విడిగా గుర్తుపెట్టుకుంటుంది. అక్కడ ప్రతి మెట్టుకూ ఇన్ని నిట్లు అని సిగ్నల్‌లోనే రాసి ఉంటుంది, బ్యాక్‌లైట్ తగ్గిస్తే ఆ లెక్క మొత్తం కిందికి దిగిపోయి సినిమా చీకటవుతుంది. 100లోనే వదిలేయండి. లోకల్ డిమ్మింగ్, అంటే బొమ్మలో చీకటి ఉన్నచోట మాత్రమే వెనక దీపం తగ్గించేది, ఉంటే దాన్ని హైలో పెట్టండి. డాల్బీ విజన్ (హెచ్‌డీఆర్‌లోనే ఒక రకం) వస్తే అందులో డార్క్ అనే మోడ్ మీ గదికి సరిపోతుంది.

మీరు తెరకు ఎదురుగానే కూర్చుంటున్నారా? వీఏ ప్యానెల్ పక్క నుంచి చూస్తే నలుపు వెలిసిపోతుంది.

గోదారిగట్టు

నాన్నగారి మంచం ఎడమగోడ వారన ఉంది! ఆయనకు బూడిదగా కనిపిస్తోందని రెండు రోజులుగా అంటుంటే, నాకు బాగానే ఉంది కదా అనుకున్నాను. ఆయన చోట ఒక్కసారి కూడా కూర్చుని చూడలేదు. ఇప్పుడే చూశాను, ఆయన చెప్పిందే నిజం. రేపు పొద్దున్న మంచం జరుపుతాను.

గోదారిగట్టు

మంచం తెరకు ఎదురుగా, ఏడున్నర అడుగుల దూరంలో వేశాం. చివరికి కుదిరినవి రాస్తున్నాను, ఇలాంటి టీవీ ఉన్నవాళ్ళకు మొదలుపెట్టడానికి పనికొస్తాయి, అంకెలు మాత్రం మీ నమూనా చూసుకుని మీరే తేల్చుకోండి. మూవీ మోడ్, బ్యాక్‌లైట్ 35, బ్రైట్‌నెస్ 52, కాంట్రాస్ట్ 90, రంగు మూవీ మోడ్‌లో వచ్చిందే, వార్మ్‌లో ఆఖరి మెట్టు, గామా బీటీ.1886, మోషన్, నాయిస్ రిడక్షన్, పవర్ సేవింగ్ అన్నీ ఆఫ్. అమ్మ మధ్యాహ్నం పైకొచ్చి చూసే వార్తలకు స్టాండర్డ్ మోడ్‌లో బ్యాక్‌లైట్ పెంచి విడిగా ఉంచాను.

రాత్రి మళ్ళీ అదే సినిమా పెట్టాం. నాన్నగారు లాంతరు సీనులో లేచి కూర్చున్నారు. "వాడి వెనకాల ఆడమనిషి నిలబడి ఉందిరా, దడికి ఆనుకుని" అన్నారు. నేను ఆపి, వెనక్కి తిప్పి చూశాను. ఉంది. ముక్కుపుడక మీద లాంతరు వెలుగు చుక్కంత పడి ఉంది.

ఆర్క్‌ల్యాంప్

నాన్నగారు ఆ సినిమా మొదట ఏ హాల్లో చూశారో అడిగావా బాబూ?

గోదారిగట్టు

అడిగానండీ. కొవ్వూరులో, నేలటిక్కెట్టు, ముందు వరస. ఆ ఆడమనిషి ఆయనకు అప్పుడే కనబడిందట. మన టీవీలో ఎప్పుడొస్తుందా అని నెల రోజులుగా చూస్తున్నారట.